ఎడమ అంచు

కరీంనగర్,
18 జూన్ 1993

వదినగారికి,

ఇక్కడ అందరం క్షేమం, నువ్వు పంపిన ప్రోగ్రాం ఒక్కటి తప్ప.

హైదరాబాదులో డిప్లొమా క్లాసులో పక్కపక్కన కూర్చున్న రోజుల్లో నిన్ను "ఏయ్ దేవకీ" అని పిలిచేదాన్ని. మా అన్న శ్యాంసుందర్‌రావును చేసుకుని వదినవయ్యావు కాబట్టి మర్యాదగా మొదలుపెట్టాను. ఈ మర్యాద పేజీ చివరిదాకా ఉంటుందని మాత్రం మాట ఇవ్వలేను.

ఫ్లాపీ అందింది. తెరిచాను. తెరిచి, మూసి, చాయ తాగి, మళ్ళీ తెరిచాను. అదేం రాత వదినా! లైన్లన్నీ ఎడమ అంచుకు అతుక్కుని నిలబడ్డాయి. ఏది దేని కిందిదో తెలిసే దారి లేదు. అది చాలదన్నట్లు కాస్త పొడుగున్న ప్రతి లైనునూ మధ్యకు విరిచావు. ఒక్కొక్క ఫ్లవర్ బ్రాకెట్‌కు ఒక్కొక్క లైను, దాని పైన ఖాళీ, కింద ఖాళీ. పేర్లు చూస్తే "బి" అంటావు, "టి" అంటావు. బి అంటే బండా, బస్తానా? ఇక్కడ ఇన్‌స్టిట్యూటులో పిల్లలకు మొదటి రోజే చెప్తాను, షరతు ఒకటి రాస్తే దాని కింద నడిచే లైన్లను కుడికి జరిపి రాయండి అని. చూడగానే ఇల్లు వేరు, గదులు వేరు తెలియాలి. నీది చూస్తే సామానంతా వాకిట్లో పోసినట్లుంది.

పని సంగతి మర్చిపోకు. భైంసాలో సీతారాంరావు గారి జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఏటా పత్తి బండ్ల వాళ్ళు వంతు కోసం కొట్టుకుంటున్నారు. వంతు చీటీ కంప్యూటర్ ఇస్తే ఎవరూ మధ్యలో దూరలేరని ఆయనను ఒప్పించింది మనమే. పత్తి వచ్చేలోగా ఇది నడిస్తే మంచిర్యాలలో మన ఇద్దరి పేర్లతో కంప్యూటర్ సెంటర్ బోర్డు. నడవకపోతే ఆయన హైదరాబాదు కంపెనీని పిలుచుకుంటారు, మా అమ్మ నీ కంప్యూటర్‌ను ఇంట్లోంచి పంపించేస్తుంది. ఆ మాట అమ్మ నాతోనే అన్నది.

నీ భాగమంతా నా పద్ధతిలో సర్ది పంపుతున్నాను. ఇక మీద ఇలాగే రాయి.

నీ ఆడబిడ్డ,
ప్రమోదిని


ఆదిలాబాద్,
9 జూలై 1993

ప్రమోదినీ,

నీ ఉత్తరం చదివిన. నువ్వు సర్దిన ప్రోగ్రాం గూడ చూసిన. చూసి మొత్తం మళ్ళ ఎడమకు తోసిన. చేత్తోటి కాదు. లైను ముందర ఉన్న ఖాళీలన్నీ గీకేసేటందుకు ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్న. నువ్వు ఎన్నిసార్లు కుడికి జరిపి పంపితే అన్నిసార్లు గీకుతది. దానికి ఓపిక మస్తుంది.

మెట్లు మెట్లుగ కుడికి పోతనే ఉంటవు. షరతు లోపల షరతు, దాని లోపల ఇంకోటి. ఆఖరికి లైను తెర దాటిపోతది. దాని తోక ఎక్కడుందో వెతుక్కుంట నేను అటు పోవాలె, మళ్ళ మొదటికి రావాలె. నువ్వు పెట్టిన పేర్లయితే చెప్పొద్దు. "తడి పత్తి బండి వంతు" అంతా కలిపి ఒక్కటే పేరు! ఇంగ్లీషు అక్షరాలల్ల అదే లైనంత పొడుగుంది. బ్రాకెట్లేమో లోపల ఒక్క లైనే ఉంటే అక్కర లేదని తీసేస్తవు. నాకు బ్రాకెట్ కావాలె. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఖతమైందో నాకు అదే చెప్తది.

అత్తమ్మ నిన్న వాకిట్ల పక్కింటి లింగవ్వతోటి అంటుంటే విన్న. "గా డబ్బ ముందట ముక్కు పెట్టి కూసుంటదవ్వా. ఇంట్ల మనుషులున్నరా సచ్చిండ్రా సోయి లేదు. గీ పత్తి అయ్యేదాక సూస్త, ఆ తర్వాత డబ్బనన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అన్నది. కనుక నాకు గూడ తొందరే. నా తీరు మీద కొట్లాడకు, పని మీద కొట్లాడు.

దేవకి


కరీంనగర్,
11 ఆగస్టు 1993

వదినా,

పని మీద కొట్లాడమన్నావు. పని కనబడితే కదా!

నేను పంపిన ఫ్లాపీ, నువ్వు తిరిగి పంపిన ఫ్లాపీ పక్కపక్కన పెట్టి, తేడాలు చూపించే కమాండ్ ఇచ్చాను. నువ్వు మార్చింది ఎక్కడో నాలుగు చోట్ల అయి ఉంటుంది. కానీ నువ్వు ప్రతి లైను ముందు ఖాళీలు గీకేశావు కాబట్టి ప్రతి లైనూ వేరే అని చూపించింది. తెర మీద అలా కారుతూనే ఉంది, ఆగలేదు. ఆ నాలుగు మార్పులు ఏవో పట్టుకునేసరికి నా ఆదివారం మొత్తం పోయింది. మళ్ళీ సర్దుకునేసరికి సోమవారం కూడా పోయింది. ఇన్‌స్టిట్యూటులో నా ముఖం చూసి పిల్లలు ఒక్క ప్రశ్న అడగలేదు.

సరే, నేను దిగి వస్తున్నాను. ఎనిమిది ఖాళీలు జరిపేదాన్ని, మూడు చేస్తాను. నీకోసం పేర్లు కూడా కురచ చేస్తాను. నువ్వు ఆ మూడు ఖాళీలు ఉండనిస్తే చాలు. మనిషి అన్నాక ఇంత కూడా సర్దుకోలేదా? ఎందుకింత పట్టుదల నీకు? నీ ఉత్తరాలు కూడా అలాగే ఉన్నాయి, రెండు ముక్కలు రాయడానికి కాగితమంతా నింపేస్తున్నావు, పలక మీద బలపంతో దిద్దినట్లు ఆ అక్షరాలు.

ఒక్క కారణం చెప్పు. న్యాయంగా ఉంటే నోరు మూసుకుంటాను.

ప్రమోదిని


ఆదిలాబాద్,
6 సెప్టెంబర్ 1993

ప్రమోదినీ,

మూడు ఖాళీలు గూడ వద్దు. ఎందుకని అడుగకు.

ఇట్ల చేద్దాం. ప్రోగ్రాం నా దగ్గరికి వస్తే నా తీరు, నీ దగ్గరికి పోతే నీ తీరు. ఎవరికి కావలసినట్టు వాళ్ళం సర్దుకుందాం. మార్చిన చోటల్లా పక్కన నా పేరు రాస్త, నువ్వు వెతుక్కునే పని ఉండదు.

తడి పత్తి బండి వస్తే చీటీ మీద "ఆరబెట్టాలి" అని రావాలెనని ఒక లైను రాసినవు కద. దాని కింద నేను ఇంకో లైను పెట్టిన. ఆ బండిని రేపటి వరుసలకు పంపుతది. చూసుకో.

ఇక్కడ వాన విడుస్తలేదు. కరెంటు వచ్చుడు పోవుడు. మీ అన్న బాగనే ఉన్నడు.

దేవకి


కరీంనగర్,
30 అక్టోబర్ 1993

దేవకీ,

మర్యాద అయిపోయింది. వదినా లేదు, గారూ లేదు.

మొన్న మనిద్దరం భైంసా వెళ్ళినప్పుడు జరిగింది ఇంకా నా కళ్ళ ముందే ఉంది. దసరా వెళ్ళిన వారమే కదా, గేటు బయట బండ్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. మొదటి బండికి చీటీ ఇచ్చాం, రేపు రమ్మని వచ్చింది. రెండో బండికీ రేపే. ఎండలో పొడిపొడిగా ఆరిన పత్తికి కూడా రేపే. ముధోల్ నుంచి వచ్చిన రాయమల్లు చీటీ నా ముఖం ముందర ఊపి, "ఏందమ్మా, అందరికంటె ముందుగాల నేనొచ్చిన. రేపు రమ్మంటది గీ మిషిను. గీ ఎడ్లకు మేత నువ్వేస్తవా?" అన్నాడు. వెనకాల ఎవరో "కాయ్ ఝాల బాయీ, మిషిన్ పాగల్ ఝాలి కా?" అని మరాఠీలో అరిచాడు. మిషనుకు పిచ్చెక్కిందా అని మిల్లు మొత్తం నవ్వింది. లోపల జిన్నింగు మిషన్లు ఊరికే తిరుగుతున్నాయి. గేటు బయట అంత పత్తి, లోపలికి ఒక్క బండి లేదు.

తప్పు దొరికింది. విను. తడి పత్తి షరతు కింద నేను రాసింది ఒక్కటే లైను, కాబట్టి బ్రాకెట్లు పెట్టలేదు, కుడికి జరిపి వదిలేశాను. నీ గీకుడు ప్రోగ్రాం ఆ జరుపుడును తీసేసింది. నువ్వు దాని కింద రెండో లైను చేర్చావు. బ్రాకెట్లు నేను పెట్టి ఉంటానని నువ్వు అనుకున్నావు. తిరిగి నా దగ్గరికి వచ్చినప్పుడు రెండు లైన్లూ తడి పత్తివే కదా అని రెండింటినీ కుడికి జరిపాను. కంటికి ఎంతో బాగుంది. కానీ ఆ ఖాళీలు మన కంటికే, కంప్యూటర్‌కు కాదు. బ్రాకెట్లు లేకపోతే అది మొదటి లైనునే షరతు కిందిది అనుకుంటుంది. రెండోది అందరికీ నడిచింది. తడి బండీ రేపే, పొడి బండీ రేపే. నీ తీరు నీది, నా తీరు నాది అనుకున్నాం, ఆ రెండు బ్రాకెట్లు ఎవరివీ కాకుండా పోయాయి.

అందులో సగం నాది, ఒప్పుకుంటాను. కానీ నా కోపం దాని గురించి కాదు. అంత గొడవ జరుగుతుంటే తప్పు ఎక్కడుందో ఇద్దరం చూద్దాం, వచ్చి కూర్చో అంటే నువ్వు వెనక్కి జరిగావు. "నువ్వే చూడు" అని గుమ్మం దగ్గర చుట్టంలాగా నిలబడ్డావు. సీతారాంరావు గారు నా పక్కకు వచ్చి, "ఆ అమ్మాయికి కంప్యూటర్ అసలు వస్తదా?" అని మెల్లగా అడిగారు. నేను ఏం చెప్పాలి?

దీపావళి దాకా గడువిచ్చారు. నువ్వు ఎందుకు కూర్చోలేదో నాకు చెప్పాలి. చెప్పకపోతే బోర్డు మీద ఒక్క పేరే ఉంటుంది.

ప్రమోదిని


ఆదిలాబాద్,
3 నవంబర్ 1993

ప్రమోదినీ,

నాకు సన్న అక్షరాలు కనబడవు.

రెండేండ్ల నుంచి ఇట్లనే ఉంది. కంటి వెనక పొర నడిమధ్యల పాడైతున్నదట. పక్కల బాగనే కనబడుతది, నడుస్త, వండుత, మనుషులను గుర్తుపడుత. సూటిగ చూసిన చోటే మసక. మా బాపు హైదరాబాదు తీసుకపోయి చూపించిండు. అద్దాలతోటి పోయేది కాదు, మందు లేదు అన్నరు. నా కంప్యూటర్ల వరుసకు నలభై అక్షరాలే వచ్చేటట్టు పెట్టుకున్న. ఒక్కొక్క అక్షరం చిక్కుడుగింజంత ఉంటది, అప్పుడు చదువుత. తెర మీద పట్టేదే కొంచెం, అండ్ల సగం నీ ఖాళీలు తింటే నాకు మిగిలేది ఏంది? గందుకే ఎడమ అంచు, గందుకే కురచ లైన్లు, కురచ పేర్లు. బ్రాకెట్‌కు పైన కింద ఖాళీ ఉంటే అది నాకు దొరుకుతది.

మిల్లు తెర మీద అక్షరాలు చీమలు పారినట్టే ఉండె. నాలుగు మీటలు కొట్టి పెద్దగ చేసుకోవచ్చు. చేసుకున్నా ముక్కు అద్దానికి ఆనించి చూడాలె. అంతమంది ముందట, నీ ముందట, అట్ల చూసుటానికి సిగ్గయింది. గుమ్మం దగ్గర నిలబడి నేను ఏడ్చుడొక్కటే తక్కువ.

నీకు ఎందుకు చెప్పలేదంటే నువ్వు లీలాబాయి అత్తమ్మ బిడ్డవు. నీకు చెప్తే నువ్వు భయపడుతవు, భయపడి అత్తమ్మకు చెప్తవు. ఆమె "కండ్లు పోతుంటే డబ్బ ఎట్ల చూస్తవు" అంటది. చూస్తే ఎక్కువయ్యేది లేదు, మానేస్తే తగ్గేది లేదని డాక్టరే అన్నడు. ఆ మాట ఎవరు నమ్ముతరు? ఇంట్ల నాదంటూ ఉన్న పని ఇదొక్కటే. అది పోతదని నాకు భయం. మీ అన్నకు ఎరుకే. నేనే ఒట్టు పెట్టించుకున్న, ఆయనను ఏమనకు.

కారణం అడిగినవు. ఇది న్యాయంగ ఉందో లేదో చూసుకో.

దేవకి


కరీంనగర్,
6 నవంబర్ 1993

ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిన్ను ఎన్ని మాటలన్నాను! వాకిట్లో సామాను అన్నాను, పలక మీద బలపం అన్నాను. క్షమించు.

నువ్వు ఇక దేనికీ ఫికర్ పడవద్దు. నీ భాగం కూడా నేనే తీసుకుని పూర్తి చేశాను. అన్నీ సరిచూశాను. దీపావళి ముందు భైంసాకు నేనే వెళ్తాను, నువ్వు అంత దూరం బస్సులో ఊగుతూ రానక్కర లేదు. సీతారాంరావు గారికి ఏదో ఒకటి చెప్తాను. మంచిర్యాల బోర్డు మీద నీ పేరు తప్పకుండా ఉంటుంది, నా పేరు కన్నా ముందే రాయిస్తాను. నువ్వు విశ్రాంతి తీసుకో. కళ్ళు జాగ్రత్త. పొద్దున పూట క్యారెట్ తిను.

అమ్మకు నేను ఏమీ చెప్పలేదు.

ప్రేమతో,
ప్రమోదిని


ఆదిలాబాద్,
8 నవంబర్ 1993

ప్రమోదినీ,

నీ ఉత్తరం మీ అన్న చదివి వినిపిస్తుంటే నా వొళ్ళు మండింది. ఒక్క తిట్టు లేదు! మొదటి నుంచి ఆఖరి దాక వెతికిన, ఒక్కటన్న దొరకలే. ప్రియమైనట, క్యారెట్ అట. నేను పోయిన్ననుకున్నవా?

నేను అడిగింది లైన్లు ఎడమకు జరపమని. నా పని నువ్వు తీసుకొమ్మని నేను ఎక్కడ రాసిన? నా భాగం ముట్టుటానికి నీకు ఎవరు చెప్పిండ్రు? అత్తమ్మ నయం, డబ్బ తీసేస్త అని మొఖం మీదనే అంటది. నువ్వు ప్రేమతోటి తీసేస్తున్నవు. పని చేయనిదానికి బోర్డు మీద పేరెందుకు? ఫొటోకు దండ వేసినట్టు!

నీకు చెప్పినంక ఇగ దాచుడెందుకని నిన్న అత్తమ్మకు నేనే చెప్పిన. కూరగాయలు తరుగుతున్నది, కత్తిపీట పక్కకు పెట్టింది. జరసేపు ఏడ్చింది. తర్వాత కండ్లు తుడుచుకుని "గా డబ్బల అక్షరాలు పెద్దగైతయా? మరి నా పంచాంగం అండ్ల పెట్టరాదు, నాకు గూడ కనబడుతలేదు" అన్నది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువలే. కాని పత్తి అయ్యేదాకనే అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలే. మిల్లు నడుస్తేనే డబ్బ ఉంటది.

నా భాగం నాకు పంపు. లేకుంటే నీతోటి పని నాకు వద్దు, బోర్డు నీదే పెట్టుకో.

దేవకి


కరీంనగర్,
9 నవంబర్ 1993

ఏయ్ దేవకీ,

నీ ప్రోగ్రాం నీ ముఖాన కొడుతున్నాను, తీసుకో. నీ ఉత్తరం తెచ్చిచ్చినవాళ్ళు తిరుగు బస్సులో వస్తుంటే ఈ ఫ్లాపీ వాళ్ళ చేతనే పంపుతున్నాను.

నీ ఉత్తరం చదివాక నా కంప్యూటర్‌ను కూడా వరుసకు నలభై అక్షరాలకు మార్చి కూర్చున్నాను. నేను రాసింది నాకే అర్థం కాలేదు. ఎక్కడ చూసినా ఖాళీలే, మాటలు కుడి పక్కన గోడ అవతల పడ్డాయి. కాబట్టి మొత్తం ప్రోగ్రాం, నీదీ నాదీ, ఎడమ అంచుకు తెచ్చాను. ప్రతి షరతుకూ బ్రాకెట్లు పెట్టాను, లోపల ఒక్క లైను ఉన్నా సరే. ఇక నుంచి ఒకటే తీరు, రెండు చోట్లా. ప్రతి లైనుకూ నిన్ను తిట్టుకున్నాను. చేతులు అలవాటు కొద్దీ కుడికి పోతుంటే కొట్టుకుని వెనక్కి తెచ్చుకున్నాను. నాకు ఇది నచ్చలేదు, ఎప్పటికీ నచ్చదు, అయినా రాస్తాను.

కానీ బి, టి అనే పేర్లు మాత్రం నేను ఒప్పుకోను. బండి అంటే బండి అని రాయి, తడి అంటే తడి అని రాయి. అవేమైనా పొడుగా? అది కళ్ళ బాధ కాదు, బద్ధకం. ఇంకా నీ భాగంలో ఒకే మనిషి రెండు బండ్లు తెస్తే రెండోది మొదటిదాన్ని తుడిచేస్తోంది. సిగ్గుండాలి. అది నువ్వే సరిచేయి, నేను ముట్టను.

పన్నెండో తారీఖు భైంసాకు నువ్వు వెళ్ళు. నాకు ఇక్కడ పిల్లల పరీక్షలు, నేను రాను. మిల్లు తెరను నీకు కావలసినట్లు పెట్టుకుని నువ్వే కూర్చో. ముక్కు ఆనిస్తావో, నుదురు ఆనిస్తావో నాకు అనవసరం. సీతారాంరావు గారు అడిగినదానికి జవాబు నేను చెప్పను.

ప్రమోదిని


ఆదిలాబాద్,
14 నవంబర్ 1993

ప్రమోదినీ,

పరీక్షలనేది అబద్ధమని నాకు ఎరుకే. మీ ఇన్‌స్టిట్యూటుకు దీపావళి సెలవులని మీ అన్న చెప్పిండు.

మీ అన్నను తోడు తీసుకుని పోయిన. కుర్చీల కూసున్న. అక్షరాలు పెద్దగ చేసిన. సీతారాంరావు గారు వెనక నిలబడి "ఏందమ్మా, గింత పెద్దగెందుకు?" అన్నరు. "నాకు సన్నయి కనబడవు" అన్న. మొదటి బండికి చీటీ కొట్టిన.

పగటి బువ్వ యాల్ల దాక మంచిగ నడిచింది. ఒకని రెండు బండ్లు గూడ సరిగనే వచ్చినయి. తర్వాత ప్రింటర్ల కాగితం అయిపోయింది. కొత్తది ఎక్కించంగనే వంతు మళ్ళ ఒకటి నుంచి మొదలైంది. గేటు దగ్గర పొద్దుగాల నుంచి నిలబడ్డోళ్ళకంటె ముందుగాల ఇప్పుడొచ్చిన బండికి ఒకటో నంబరు! ఇద్దరు కర్రలు లేపిండ్రు. చీటీలు అచ్చేసే భాగం నీది. ఒకటి నుంచి మొదలుపెట్టే లైనును ఎడమకు జరుపుకుంట జరుపుకుంట తీసుకపోయి కాగితం ఎక్కించే బ్రాకెట్ల పెట్టినవు. బ్రాకెట్‌కు పైన కింద ఖాళీ ఉండబట్టి నాకు దొరికింది. లేకుంటే మన పని అక్కడనే ఖతం. సిగ్గుండాలి అని నన్ను అన్నవు, ఇప్పుడు నువ్వు చెప్పు.

ముక్కు అద్దానికి ఆనించే వెతికిన. వెనక మిల్లువాళ్ళు, బండ్లవాళ్ళు, మీ అన్న, అందరు నిలబడ్డరు. ఆ లైను తీసి బ్రాకెట్ బయట, ప్రోగ్రాం మొదట్ల పెట్టిన. చీటీ కొట్టిన. నంబరు సరిగ వచ్చింది. నా వెనక ఎవరు నవ్విండ్రో, ఎవరు అయ్యో అన్నరో నాకు తెలువదు. నేను తిరిగి చూడలే. గేట్లకెల్లి బండ్లు లోపలికి పోతున్న సప్పుడు విన్న.

దేవకి